హై ఐలండ్ వలస పిట్టల యాత్ర: ఏ రోజు ఎక్కడుండాలో గాలిని బట్టి తేల్చుకోండి

మీరు అడిగింది ఇదీ: డాలస్ నుంచి నలుగురు స్నేహితులు, ఒకే కారు, ఏప్రిల్ నాలుగో వారంలో గురువారం నుంచి ఆదివారం దాకా టెక్సస్ ఎగువ తీరానికి వెళ్ళాలి. పిట్టలు చూసిన అనుభవం ఒక్కరికే ఉంది. ఏ రోజు ఎక్కడ ఉండాలి, ఏం పట్టుకెళ్ళాలి, ఎక్కడ దెబ్బతింటాం?

మీ ప్లాన్‌లో మొదట మార్చాల్సింది ఒకటుంది. మూడు రోజులూ పొద్దున్నే ఏడింటికల్లా ఆ తీరపు ఊరు హై ఐలండ్ చెట్లల్లో ఉండాలని రాసుకున్నారు. అది తీసేయండి. ఇంకెక్కడైనా పిట్టలకు తెల్లవారుజామే మంచి వేళ. వసంతంలో ఈ తీరపు తోపుల్లో మాత్రం అసలు సందడి మధ్యాహ్నం మొదలవుతుంది. మెక్సికోలోని యుకతాన్ వైపు నుంచి చీకటి పడగానే బయల్దేరిన పిట్టలు గల్ఫ్ ఆఫ్ మెక్సికో మీదుగా దాదాపు 600 మైళ్ళు ఏకబిగిన ఎగురుతాయి. రాత్రంతా ఎగిరి, తెల్లారాక కూడా నీళ్ళ మీదే ఉంటాయి. ఈ ఒడ్డుకు చేరేసరికి పదకొండో పన్నెండో అవుతుంది. ఎదురుగాలి ఉంటే సాయంత్రం నాలుగైదు కూడా అవుతుంది. పొద్దున ఏడింటికి మీకు కనిపించేవి నిన్న దిగి రాత్రి కదలకుండా ఉండిపోయినవే. నిన్నరాత్రి గాలి అనుకూలంగా ఉండి ఉంటే అవి కూడా వెళ్ళిపోయి ఉంటాయి, మీరు ఖాళీ కొమ్మలు చూస్తూ నిలబడతారు. చాలామంది మొదటిసారి వెళ్ళి, పొద్దున నాలుగు గంటలు తిరిగి, విసిగి ఒంటిగంటకు గాల్వెస్టన్ వెళ్ళిపోతారు. పిట్టలు దిగే వేళకు వాళ్ళు ఫెర్రీ లైన్‌లో ఉంటారు.

అసలు హై ఐలండ్‌కు ఇంత పేరెందుకంటే, అది చుట్టూ చెట్టన్నది లేని బురదనేలల మధ్య ముప్పై అడుగులకు పైగా లేచిన దిబ్బ. భూమి అడుగు నుంచి ఉప్పు పైకి తన్నుకొచ్చి ఏర్పడింది. దాని మీద ఓక్, హ్యాక్‌బెర్రీ, మల్బరీ చెట్లున్నాయి. సముద్రం దాటి వచ్చిన పిట్టకు పైనుంచి కనిపించే మొదటి పచ్చటి ముద్ద అదే. బాయ్ స్కౌట్ వుడ్స్, స్మిత్ ఓక్స్ అని రెండు ముఖ్యమైన తోపులు, ఇంకో రెండు చిన్నవి హ్యూస్టన్ ఆడుబాన్ సంస్థ చూసుకుంటోంది. ప్రవేశ రుసుము ఉంటుంది. ఒకరోజు పాసా, సీజన్ పాసా అన్నది ముందే చూసి ఆన్‌లైన్‌లో కొనుక్కుంటే గేటు దగ్గర ఆలస్యం ఉండదు.

ఇక గాలి సంగతి. ఈ యాత్ర బాగుపడేదీ చెడేదీ దీనితోనే. దక్షిణపు గాలి గంటకు పది, పదిహేను మైళ్ళ వేగంతో వీస్తూ ఆకాశం తేటగా ఉంటే, మనకు హాయి, పిట్టలకు ఇంకా హాయి. వెనక నుంచి తోసే గాలి ఉంది, ఒంట్లో శక్తి మిగిలే ఉంది, కాబట్టి అవి తీరాన్ని దాటుకుని లోపలి అడవులకు వెళ్ళిపోతాయి. ఆ రోజు తోపుల్లో పాతిక ముప్పై పిట్టలతో సరిపెట్టుకోవాలి. దానికి బదులు బురదనేలలకు, వరిపొలాలకు, ఇసుక తిన్నెలకు వెళ్ళండి. ఆ పక్షులకు గాలితో పెద్దగా పనిలేదు.

ఉత్తరం నుంచి చలిగాలి దండు, అంటే కోల్డ్ ఫ్రంట్, తీరానికి వస్తుందని తెలిస్తే మాత్రం ప్లానంతా పక్కన పెట్టండి. ఫ్రంట్ ఎన్ని గంటలకు తీరం దాటుతుందన్నదే ముఖ్యం. పొద్దున తొమ్మిదికీ మధ్యాహ్నం మూడుకూ మధ్య దాటితే అదే అన్నిటికన్నా మంచి రోజు. నిన్నరాత్రి అవతల అనుకూలమైన గాలిలో బయల్దేరిన పిట్టలు సగం దారి దాటాక ఎదురుగాలికి, వానకు చిక్కుతాయి. వెనక్కి పోలేవు. ఒడ్డు కనపడగానే మొదటి చెట్టు మీదే, చెట్టు దొరక్కపోతే గడ్డిలోనే వాలిపోతాయి. దీన్నే ఫాలౌట్ అంటారు. అలాంటి మధ్యాహ్నం ఇండిగో బంటింగ్‌లు రోడ్డు పక్క గడ్డిలో నీలిపూలు చల్లినట్టు కూచుంటాయి. స్కార్లెట్ టానజర్ మోకాలెత్తు పొద మీద, మనిషికి ఆరడుగుల దూరంలో, కళ్ళు సగం మూసుకుని ఉంటుంది. ఆ పిట్ట మిమ్మల్ని నమ్మి కూచోలేదు, ఎగిరే ఓపిక లేక కూచుంది. ఫోటో కోసం ఇంకో అడుగు వేస్తే అది ఖర్చుపెట్టేది దాని ఒంట్లో మిగిలిన ఆఖరి కొవ్వు. ఉన్నచోటే నిలబడండి.

ఫ్రంట్ రాత్రిపూట దాటితే మర్నాడు ఉత్తరపు గాలి, తేట ఆకాశం ఉంటాయి. నిన్న దిగినవి ఎదురుగాలిలో బయల్దేరలేక ఆగిపోతాయి. ఆ ఒక్క రోజు మాత్రం పొద్దున్నుంచీ తోపుల్లోనే ఉండొచ్చు. ఫ్రంట్ సాయంత్రం ఆరు దాటాక వస్తే ఆరోజు పిట్టలు అప్పటికే పైనుంచి వెళ్ళిపోయి ఉంటాయి, ఆశ పెట్టుకోకండి. ఫ్రంట్ లేకపోయినా మధ్యాహ్నం ఒక గంట ఉరుములతో వాన కురిస్తే అది ఆగిన వెంటనే తోపులోకి వెళ్ళండి. కారులో కూచుని వాన ఆగే దాకా ఓపిక పట్టినవాళ్ళకే అది దక్కుతుంది.

రాత్రిపూట ఎగిరే వలస పిట్టలను రాడార్‌తో పసిగట్టి చూపే బర్డ్‌కాస్ట్ మ్యాప్ గురించి ఒక మాట, ఎందుకంటే కొత్తవాళ్ళు దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు. రాత్రి తీరం మీద ఆ మ్యాప్ ధగధగ వెలిగితే రేపు ఇక్కడ పిట్టలు పుష్కలం అని కాదు. ఇక్కడున్నవి బయల్దేరి ఉత్తరానికి పోతున్నాయని అర్థం. రేపు వచ్చేవి ఆ వేళకు ఇంకా నీళ్ళ మీద, రాడార్‌కు అందనంత దూరంలో ఉంటాయి. వాటి కోసం పగలు పదకొండు తర్వాత హ్యూస్టన్-గాల్వెస్టన్ వాతావరణ రాడార్ తెరవండి. వాన లేని రోజున సముద్రం మీద సన్నటి చుక్కల తెర ఒడ్డు వైపు కదులుతూ కనిపిస్తే అవి పిట్టలే అయ్యే అవకాశం ఎక్కువ.

ఈ లెక్కన మీ నాలుగు రోజులు. గురువారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరండి. హ్యూస్టన్ మీదుగా ఐ-10 పట్టుకుని విన్నీ చేరడానికి ఆగుతూ వెళితే ఐదున్నర గంటలు పడుతుంది. ఉదయం ట్రాఫిక్‌లో హ్యూస్టన్ మధ్యనుంచి పోకుండా తూర్పు లూప్ మీదుగా వెళ్ళండి. విన్నీలో గ్యాస్ నింపుకుని, హైవే 124 మీద ఇరవై మైళ్ళు దక్షిణంగా దిగితే హై ఐలండ్. పన్నెండింటికి అక్కడుంటే ఆరున్నర దాకా ఉండొచ్చు. శుక్ర, శని వారాల్లో ఏది ఏ రోజన్నది ముందురోజు రాత్రి గాలి సూచన చూసి తేల్చుకోండి. దక్షిణపు గాలి రోజైతే తెల్లవారుజామున అనావాక్ శరణాలయం, తర్వాత వరిపొలాలు, ఆటుపోట్లు చూసుకుని బొలివార్ ఫ్లాట్స్ ఇసుక తిన్నెలు, మూడింటికి మళ్ళీ హై ఐలండ్. ఉత్తరపు గాలి రోజైతే హై ఐలండ్ ఒక్కటే, మధ్యాహ్నం భోజనం కూడా అక్కడే. ఆదివారం పొద్దున్న మిగిలిపోయినవి చూసుకుని ఇంటిదారి.

అనావాక్ వన్యప్రాణి శరణాలయంలో షవలర్ పాండ్ చుట్టూ రెండున్నర మైళ్ళ కారు దారి ఉంది. సూర్యోదయం దాదాపు 6:45కు. ఆ వేళకు అక్కడుండి, నడక వేగంతో కారు పోనిస్తూ, ఇంజన్ ఆపి ఆపి వినండి. రెల్లు అంచున పర్పుల్ గాలిన్యూల్, లీస్ట్ బిట్టర్న్, కింగ్ రైల్ పొద్దున మొదటి గంటలోనే బయటపడతాయి. కారు దిగితే రెల్లులోకి దూరిపోతాయి, కారే మీ మాటు. నలుగురిలో ఇద్దరు ఒక వైపు కిటికీలకు, ఇద్దరు రెండో వైపుకు పూచీ పడితే ఏదీ తప్పిపోదు. ప్రవేశం ఉచితం.

అక్కడినుంచి ఎఫ్ఎం 1985 అనే రోడ్డు మీద తిరిగి వస్తుంటే రెండు పక్కలా వరిమళ్ళు. గట్లు, తూములు, దున్ని నీళ్ళు పెట్టిన మడి చూస్తే గోదావరి జిల్లాల వాళ్ళకు కొత్తగా ఏమీ అనిపించదు. చాలా కార్లు ఇక్కడ ఆగకుండా పోతాయి, అది పెద్ద పొరపాటు. నీళ్ళు కట్టిన మడిలో హడ్సోనియన్ గాడ్‌విట్, వింబ్రెల్, దున్ని ఆరిన మడిలో అమెరికన్ గోల్డెన్ ప్లవర్, పొట్టి గడ్డిలో బఫ్-బ్రెస్టెడ్ శాండ్‌పైపర్, అప్‌లాండ్ శాండ్‌పైపర్ ఉంటాయి. ఈ గోల్డెన్ ప్లవర్, మన కోస్తా పొలాల్లో చలికాలం కనిపించే పసిఫిక్ గోల్డెన్ ప్లవర్‌కు దగ్గర చుట్టం. మట్టి రంగు మడిలో అవి కదిలితే తప్ప కనపడవు. స్కోప్ (మూడుకాళ్ళ మీద నిలిపే దుర్భిణి) పెట్టి ఎడమ నుంచి కుడికి గట్టు గట్టూ నెమ్మదిగా వెతకాలి. పొలాలన్నీ ప్రైవేటువి, రోడ్డు దిగకండి. వాన పడిన మర్నాడు రోడ్డు అంచు మెత్తబడి కారు చక్రం కాలువలోకి జారుతుంది. రాళ్ళు పరిచి అంచు గట్టిగా, వెడల్పుగా ఉన్న చోట, హజార్డ్ లైట్లు వేసి ఆపండి.

బొలివార్ ఫ్లాట్స్ హై ఐలండ్ నుంచి హైవే 87 మీద సుమారు పాతిక మైళ్ళు. రెటిలాన్ రోడ్డు దగ్గర సముద్రం వైపు తిరగాలి. బీచ్ మీద కారు ఆపడానికి పార్కింగ్ స్టికర్ కావాలి, దారిలో ఉన్న దుకాణాల్లో అమ్ముతారు, బీచ్ దగ్గర అమ్మరు. కారును తడిసి గట్టిపడ్డ ఇసుక మీదే పోనివ్వండి. పొడి ఇసుక మీద ఆగితే చక్రాలు తవ్వుకుపోతాయి. యాక్సిలరేటర్ నొక్కేకొద్దీ ఇంకా దిగుతుంది. అప్పుడు దిగి, టైర్లలో గాలి ఇరవై పౌండ్ల దాకా తగ్గించి, ముందున్న ఇసుక చేత్తో తీసి, నెమ్మదిగా కదిలించాలి. కాబట్టి టైర్ గేజీ, చిన్న కంప్రెసర్ డిక్కీలో ఉండాలి.

ఇక్కడ సముద్రం పోటు తక్కువ, మహా అయితే రెండడుగులు. కానీ తిన్నె చాలా చదును కాబట్టి ఆ రెండడుగులకే నీటి అంచు ఎంతో దూరం జరుగుతుంది. బాగా ఆటు మీద వెళితే పక్షులు కంటికి ఆనని దూరంలో బురద మీద ఉంటాయి. పోటు ఎక్కుతూ సగానికి వచ్చిన వేళకు వెళితే నీళ్ళు వాటిని మీ వైపు నెట్టుకొస్తాయి. రెండు మూడు రోజులుగా గట్టి ఉత్తరపు గాలి వీస్తుంటే పోటు పట్టికను నమ్మకండి, గాలి నీళ్ళను సముద్రంలోకి తోసేసి పోటు వేళకు కూడా బురద బయటే ఉంటుంది. వందల్లో, ఒక్కోసారి వేలల్లో అమెరికన్ అవసెట్‌లు, మార్బుల్డ్ గాడ్‌విట్, పైపింగ్ ప్లవర్, విల్సన్స్ ప్లవర్, నీళ్ళలో తాగినవాడిలా అటూ ఇటూ పరిగెత్తే రెడిష్ ఎగ్రెట్ ఇక్కడి ముఖ్యులు. ఏప్రిల్లో కొన్ని అప్పటికే గుడ్లు పెడుతుంటాయి. తాడు కట్టిన చోటు దాటకండి. ఒక ప్లవర్ రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ మీ ముందు కుంటుతూ పోతే, గూడు మీ కాళ్ళ దగ్గరే ఉందన్నమాట. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవండి.

మ్యాప్‌లో 87 హై ఐలండ్ నుంచి తీరం వెంబడే తూర్పుగా సబీన్ పాస్ దాకా పోతున్నట్టు అనిపిస్తుంది. తుఫాన్లకు ఆ ముక్క ఎప్పుడో కొట్టుకుపోయింది, రోడ్డు లేదు. సబీన్ వుడ్స్ చూడాలంటే విన్నీకి వెనక్కి వెళ్ళి, పోర్ట్ ఆర్థర్ మీదుగా గంటకు పైనే. హై ఐలండ్ శనివారం జాతరలా ఉంటుంది కాబట్టి, ఫ్రంట్ వచ్చిన రోజు జనం వద్దనుకుంటే ఈ ప్రయాణం దండగ కాదు.

హై ఐలండ్‌లో ఎలా నిలబడాలన్నది తెలిస్తే సగం పని అయినట్టే. కాలిబాటల్లో గంటల తరబడి తిరగకండి. నీళ్ళు చుక్కచుక్కగా పడే చోటు ఒకటి, పండిన మల్బరీ చెట్టు ఒకటి, ఎండ తగిలే తోపు అంచు ఒకటి, ఈ మూడింటి మధ్య తిరగండి. బాయ్ స్కౌట్ వుడ్స్‌లో చిన్న కుంట ముందు మెట్ల వరుస కట్టారు. మూడు నుంచి ఐదున్నర దాకా అక్కడ కూచుంటే ఉప్పుగాలికి తడిసి వచ్చిన పిట్టలు ఒక్కొక్కటే స్నానానికి దిగుతాయి. మల్బరీ మీద టానజర్లు, ఓరియోల్‌లు, రోజ్-బ్రెస్టెడ్ గ్రోస్‌బీక్ మూతినిండా ఊదారంగు పూసుకుని ఉంటాయి. బాటిల్‌బ్రష్ పూసిన చోట టెనెసీ వార్బ్లర్‌ను దగ్గరగా చూడండి. పుస్తకంలో బూడిద తల అని ఉంటుంది, మీకు నుదుటి మీద కుంకుమ పెట్టినట్టు ఎర్రగా కనిపిస్తుంది. అది పుప్పొడి. కొత్తవాళ్ళు దీన్ని ఇంకేదో అరుదైన పిట్ట అనుకుని పుస్తకమంతా తిరగేస్తారు.

గాలి ఎటున్నా స్మిత్ ఓక్స్ చెరువు మాత్రం తప్పనిసరి. దాని మధ్య దీవిలో గులాబిరంగు తెడ్డుమూతి కొంగలు, తెల్లకొంగలు, నీటికాకులు గూళ్ళు కడతాయి. నేలపట్టులో గూడబాతుల సందడి చూసినవాళ్ళకు ఆ రొద, ఆ వాసన వెంటనే గుర్తొస్తాయి. చుట్టూ నీళ్ళలో మొసళ్ళ జాతి ఆలిగేటర్లుంటాయి. అవి ఉన్నందుకే రకూన్లు ఈదుకొచ్చి గుడ్లు తినలేవు. అప్పుడప్పుడు గూడు జారిన పిల్ల వాటి నోట్లో పడుతుంది, మిగతావి బతుకుతాయి. ఇక్కడికి సాయంత్రం ఐదు తర్వాత వెళ్ళండి.

కొత్తగా చూసే ముగ్గురికి: రంగులతో మొదలుపెట్టకండి. ముందు అది ఎంత ఎత్తులో, ఏం చేస్తోందో చూడండి. బెరడు మీద పైకీ కిందికీ పాకుతుంటే బ్లాక్-అండ్-వైట్ వార్బ్లర్. వేలాడే ఎండుటాకుల గుత్తుల్లో ముక్కు దూర్చి వెతుకుతుంటే వర్మ్-ఈటింగ్. నేల మీద చిన్న కోడిలా నడుస్తుంటే ఓవెన్‌బర్డ్. కుంట అంచున వెనకభాగం ఆపకుండా ఊపుతుంటే వాటర్‌థ్రష్. పొదలో తోక విప్పి తెల్లమచ్చలు తళుక్కుమనిపిస్తే హుడెడ్, తోక విసనకర్రలా విప్పి గాల్లోకి ఎగిరి పురుగు పట్టుకుంటే రెడ్‌స్టార్ట్. చెట్టు చిటారున ఉన్నదానికి పొట్ట, తోక అడుగుభాగం తప్ప ఏమీ కనపడవు, అవే గుర్తుపెట్టుకోండి. ఇవి వస్తే బే-బ్రెస్టెడ్, బ్లాక్‌బర్నియన్, మాగ్నోలియా వార్బ్లర్లు వాటంతటవే తెలుస్తాయి. మీరు వెళ్ళే వారానికి వాటి రాక కూడా జోరందుకుంటుంది. మెర్లిన్ యాప్ పాట విని పేరు చెబుతుంది, మంచి సాయం. అయితే మాకింగ్‌బర్డ్ అందరి పాటలూ అనుకరిస్తుంది, కాబట్టి కంటితో చూసేదాకా లెక్కలో వేసుకోవద్దు. ఫోన్లో పాట పెట్టి పిలవడం మాత్రం అస్సలు వద్దు. ఆకలితో ఉన్న పిట్ట తిండి మానేసి పోట్లాటకు వస్తుంది.

పిట్ట ఎక్కడుందో చెప్పడానికి చెయ్యి చాపకండి, అది ఎగిరిపోతుంది, పక్కవాడికీ అర్థం కాదు. చెట్టును గడియారం అనుకోండి: "రెండు కాండాలున్న ఓక్, ఎడమ కాండం, పది గంటల కొమ్మ, చివరి నుంచి రెండడుగులు." ఈ పద్ధతి మొదటి సాయంత్రమే నలుగురూ అలవాటు చేసుకోవాలి.

బైనాక్యులర్ 8x42, అంటే ఎనిమిదింతలు పెద్దగా చూపేది, తీసుకోండి. పదింతలది చేతిలో వణుకుతుంది, కనిపించే పరిధి తగ్గుతుంది, ఆకుల్లో ఎగిరే చిన్నపిట్టను పట్టుకోలేరు. ఆరడుగుల దగ్గరికి కూడా ఫోకస్ అవుతుందో లేదో కొనేముందు చూడండి. స్కోప్ నలుగురికి ఒకటి చాలు. రెండు జాగ్రత్తలు చాలామందికి ఆలస్యంగా తెలుస్తాయి. ఒకటి, ఏసీ కారులో చల్లబడ్డ అద్దాలు బయటి తేమగాలి తగలగానే మసకబారి పది నిమిషాల దాకా పనికిరావు. చేరడానికి పావుగంట ముందు ఏసీ ఆపి కిటికీలు దించండి. రెండు, దోమల మందులో డీట్ ఉంటే అది బైనాక్యులర్ రబ్బరును, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పికారిడిన్ ఉన్న మందు వాడండి, లేదా రాసుకున్నాక అరచేతులు కడుక్కోండి. బొలివార్‌లో అద్దం మీద పడ్డ ఉప్పుతుంపరను పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. మంచినీళ్ళతో తడిపి తుడవాలి.

వాన పడ్డ మర్నాడు దోమలు ఘోరం. పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు అంచులు సాక్సుల్లోకి. ఆగిన ప్రతిసారీ కాళ్ళ కింద చూసుకోండి, నిప్పుచీమల పుట్ట మెత్తటి మట్టికుప్పలా ఉంటుంది. మూడేసి ఆకుల తీగ ఏది కనిపించినా ముట్టుకోవద్దు, పాయిజన్ ఐవీ అయితే వారం దురద.

హై ఐలండ్‌లో తిండికి పెద్దగా ఏమీ దొరకదు, శాకాహారులకు మరీ కష్టం. చింతపండు పులిహోర రెండోరోజుకూ చెడదు. పెరుగన్నం ఐస్ పెట్టెలో ఉంచి మొదటిరోజే తినేయండి. మనిషికి రోజుకు మూడు లీటర్ల నీళ్ళు. గది విన్నీలో అయితే అన్నిటికీ దగ్గర, కానీ ఏప్రిల్ గదులు ముందే నిండుతాయి. దొరక్కపోతే బ్యూమాంట్. గాల్వెస్టన్‌లో తీసుకోకండి. ఫెర్రీ ఉచితమే, దాటడానికి ఇరవై నిమిషాల లోపే, కానీ వారాంతం సాయంత్రాలు లైన్‌లోనే గంట పోతుంది.

ఆదివారం తిరుగు ప్రయాణంలో మధ్యాహ్నం రెండింటికి బయల్దేరితే, కాన్రో దగ్గర డబ్ల్యూ. జి. జోన్స్ స్టేట్ ఫారెస్ట్ ఐ-45కు దగ్గరలోనే ఉంది. రెడ్-కాకేడెడ్ వడ్రంగిపిట్ట బతికున్న పైన్ చెట్టుకే తొర్ర తొలుస్తుంది. తొర్ర చుట్టూ జిగురు కారి కాండం కొవ్వొత్తిలా తెల్లగా మెరుస్తుంటుంది. సూర్యాస్తమయానికి ముప్పావు గంట ముందు అలాంటి చెట్టుకు దూరంగా నిలబడండి. అవి ఒక్కొక్కటే పడుకోవడానికి వచ్చి తొర్రలోకి దూరతాయి. ఆ తర్వాత డాలస్‌కు మూడున్నర గంటలు, డ్రైవింగ్ ఇద్దరు పంచుకోండి.